రెండు పేర్ల రాణి

పరాయి ఊళ్ళో బతికేవాళ్ళకి ఇంట్లో ఒక పేరు, బయట ఒక పేరు ఉండటం కొత్తేమీ కాదు. బైబిల్లో ఎస్తేరుకీ అంతే. పుట్టింటి పేరు హదస్సా. పర్షియా రాజు అంతఃపురంలో ఎస్తేరు. ఈ రెండో పేరులో బాబిలోను దేవత ఇష్తారు వినిపిస్తుందనీ, ఆమెని పెంచిన మొర్దెకై పేరులో అక్కడి దేవుడు మర్దూకు ఉన్నాడనీ పండితులు చాలామంది అంటారు.

క్రీ.పూ. 586 ప్రాంతంలో నెబుకద్నెజరు యెరూషలేముని కాల్చి, యూదుల్ని బాబిలోనుకి పట్టుకుపోయాడు. 539లో బాబిలోనుని గెలిచిన కోరెషు రాజు, ఇక మీ ఊరు వెళ్ళొచ్చన్నాడు. అందరూ వెళ్ళారా? లేదు. అప్పటికే ఇళ్ళు కట్టుకున్నారు, పిల్లలు పెరిగారు. చాలామంది ఉండిపోయారు. ఎస్తేరు అలా ఉండిపోయినవాళ్ళ కథ.

రాజ్యం పోయింది, సైన్యం లేదు. మరి కథానాయకుడెవరు? కత్తి పట్టినవాడు కాదు, పరాయి కొలువులో నెగ్గుకొచ్చినవాడు. దానియేలు అలాంటివాడే, ఫరో దగ్గర యోసేపూ అలాంటివాడే. వాళ్ళిద్దరికీ కూడా కొలువులో పేర్లు మార్చారు, గమనించండి!

అయితే దానియేలు కిటికీలు తెరిచి మరీ ప్రార్థన చేస్తాడు. ఎస్తేరు తన వంశమే బయటపెట్టదు. చిత్రమేమిటంటే, హీబ్రూ మూలంలో దేవుడి పేరు ఒక్కసారైనా రాదు. గ్రీకులోకి వచ్చేసరికి ఎవరికో ఇది లోటుగా తోచి ప్రార్థనలు కలిపారు. నన్నడిగితే, కలపకపోతేనే బాగుండేది. పిలుపు లేకుండా రాజు ఎదుటికి వెళితే ప్రాణం పోవచ్చు. మూడు రోజులు పస్తుండి, ఏ అద్భుతమూ ఆదుకుంటుందన్న హామీ లేకుండా వెళ్ళిందామె. ఆ మౌనంలోనే కథకి ప్రాణముంది.

ముగింపు మాత్రం నాకు మింగుడుపడదు. పగబట్టిన హామాను ఉరికంబమెక్కినా కథ ఆగదు. యూదులు 75,000 మంది శత్రువుల్ని చంపారంటుంది. చరిత్రలో దీనికి ఆధారం లేదు. ఇది అణిగిమణిగి బతికినవాళ్ళు రాత్రిపూట కన్న కల. ఎందుకు కన్నారో అర్థమవుతుంది. మెచ్చుకోవడానికి మాత్రం మనసొప్పదు.

ఇప్పటికీ పూరీము పండుగనాడు యూదులు ఈ కథ చదువుకుంటారు. హామాను పేరు రాగానే పిల్లలు గిలకలు తిప్పి గోల చేస్తారు. హదస్సా అన్న పేరు మాత్రం పుస్తకం మొత్తంలో ఒక్కచోటే ఉంది. రాణి తనవాళ్ళని కాపాడుకుంది గాని, ఆమెని ఆ పేరుతో మళ్ళీ ఎవరూ పిలవలేదు.