టీచరు కులం అడగని సంస్కరణలు

సర్కారు బడిని బాగు చేస్తామని వచ్చే వాళ్ళందరి నోటా మొదట వినపడేది ఒకటే మాట: టీచర్లు పని చెయ్యట్లేదు. కాగితం మీద దీన్ని మర్యాదగా 'జవాబుదారీతనం' అంటారు. రచ్చబండ దగ్గర 'కూచోబెట్టి జీతాలిస్తున్నారు' అంటారు. రెండు చోట్లా ఒక ప్రశ్న మాత్రం ఎవరూ వెయ్యరు. ఏ టీచరు? ఎవరి పిల్లలకు చెప్పే టీచరు?

సర్కారు బడి రికార్డుల్లో పిల్లల కులానికి ఒక గడి ఉంటుంది. టీచర్ని బాగు చెయ్యాలనే సంస్కరణల వాదనలో మాత్రం టీచరుకి కులం ఉండదు. అతను గాల్లోంచి ఊడిపడ్డ 'మానవ వనరు'. మా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది.

1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే చెప్పిన మాటలు ఒకసారి గుర్తు చేసుకోవాలి. ప్రాథమిక బళ్ళలో పంతుళ్ళు దాదాపు అందరూ బ్రాహ్మణులేనని, ఎక్కువ మందికి శిక్షణ లేదని, జీతాలు చాలా తక్కువని ఆయన చెప్పాడు. సాగు చేసే కులాల నుంచి టీచర్లను తయారు చెయ్యమన్నాడు. జీతం 12 రూపాయలకు తగ్గకూడదన్నాడు. చదువు ఎవరు చెప్తారు, ఏం నేర్చుకుని చెప్తారు, ఎంత జీతానికి చెప్తారు, ఈ మూడింటినీ ఆయన ఒక్కచోట పెట్టి చూశాడు. ఆ తర్వాత వచ్చిన సంస్కర్తలు శిక్షణ గురించి రోజుల తరబడి మాట్లాడతారు. జీతం దగ్గర గొంతు తగ్గిస్తారు. ఎవరు అన్న దగ్గర మూగబోతారు.

'ఎవరు' అన్నది మాకు చిన్న విషయం కాదు. మా అమ్మానాన్నలకు సంతకం రాదు. మాకు అఆలు చెప్పిన సారు మాదిగ. పెద్దూరి ఆసాములు ఆయన్ని పేరు పెట్టి, ఏకవచనంలో పిలిచేవాళ్ళు. అదే బళ్ళో ఇంకో సారుని 'అయ్యవారు' అనేవాళ్ళు. అయినా మా సారు రోజూ కుర్చీలో కూచునేవాడు. ఆయన కూచోవడమే మాకు మొదటి పాఠం. బడి విడిచాక మాకు పలక పట్టించే వాళ్ళు ఇంట్లో లేరు. అందుకే సారు సమయమే మా చదువు సమయం. ఆయన సమయంలోంచి ఎవరు ఏం తీసుకున్నా, అది మా దగ్గర తీసుకున్నట్టే.

మన పల్లెల్లో చాలా చోట్ల మొదటి అక్షరం చెప్పింది మిషను పంతులు. హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ 1910 నుంచే దళిత పిల్లల కోసం బళ్ళు పెట్టాడు. ఆ దారిలో చదువుకున్న వాళ్ళ బిడ్డలు, మనవలు రిజర్వేషన్లతో సర్కారు టీచర్లయ్యారు. సరిగ్గా ఆ ఉద్యోగం మన చేతికి అందే రోజుల్లోనే దాన్ని తగ్గించడం మొదలైంది. ఎనభైలు, తొంభైలలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను పెట్టారు. ఈ రోజుకీ వాళ్ళని 'త్రీ నైంటీ ఎయిట్' టీచర్లనే అంటారు. మనుషులకి వాళ్ళ కూలీనే పేరుగా పెట్టిన సంస్కరణ అది! తర్వాత అప్రెంటిస్‌లొచ్చారు. తొంభైల చివర్లో గౌరవ వేతనం మీద విద్యావాలంటీర్లొచ్చారు. 1998లో ప్రజల భాగస్వామ్యం పేరుతో పాఠశాల కమిటీల చట్టం వచ్చింది. వాలంటీర్ల ఎంపిక కమిటీ చేతికి పోయింది. డీఎస్సీలో రోస్టరుంది, మెరిట్ లిస్టుంది, కోర్టుకెక్కే దారుంది. ఊరి కమిటీలో పెద్దల మాట ముందు వాడ మనిషి మాటకి ఎప్పుడు విలువుంది? 'ప్రజలు' అన్న మాట వినగానే మురిసిపోయే మేధావులు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి.

ఇక సమయం సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షను ప్రకారం జనాభా లెక్కలు, విపత్తుల సహాయం, ఎన్నికలు తప్ప చదువుకి సంబంధం లేని పనులకు టీచర్లను పంపకూడదు. వినడానికి బాగుంది. కానీ బళ్ళో కూచోబెట్టే చేయించే రాతపనికి ఈ సెక్షను అడ్డు రాదు. భోజనం ఫోటో, గుడ్ల లెక్క, పుస్తకాల లెక్క, ఇవన్నీ 'బడి పనులే'. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో, 2025లో తెలంగాణలో టీచర్లు ఫోనుకి ముఖం చూపించి హాజరు వేసే పద్ధతి వచ్చింది. సిగ్నలు లేని గూడెంలో టీచరు ఫోను పట్టుకుని గట్టెక్కితే పిల్లలు ఎదురు చూస్తూ కూచోవాలి. టీచరు వచ్చాడో లేదో యంత్రానికి తెలుస్తుంది. వచ్చినాయన ఏం చెప్పాడో దానికి అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్ళు మరుగుదొడ్ల ఫోటోలు తీసి పంపే పని కూడా టీచర్ల మీద పడింది. ఇది తమ హోదాకి అవమానమని చాలామంది టీచర్లు గొడవపడ్డారు. మేం దాన్ని వేరేగా చూస్తాం. ఆ దొడ్డి కడిగేది ఎవరు? మేం తిరిగిన ఊళ్ళలో ఆమె మన వాడ ఆయమ్మే. ఫోటో తీయడమే ఇంత అవమానమైతే కడగడం ఏమిటి? ఇక ఆ టీచరు కూడా దళితుడైతే, మన మనిషి చేసిన పనికి మన మనిషినే మేస్త్రీని చేసినట్టు. ఈ మాట ఏ సంఘం కరపత్రంలోనూ మా కంటపడలేదు.

1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పేరుతో ప్రతి బడికీ కనీసం రెండు గదులు, ఇద్దరు టీచర్లు అన్నారు. విద్యాహక్కు చట్టం షెడ్యూలులో కూడా ప్రాథమిక బడికి 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లుండాలి. అలాంటిది 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 కింద 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళకు తరలించే పని పెట్టారు. 2025లో ఆ జీవోని వెనక్కి తీసుకున్నారు. ఈ మధ్యలో వాడ బళ్ళో రెండు తరగతులు, ఒక్క టీచరు మిగిలిన చోట, ఆయన మీటింగుకి పోతే బడికి తాళమే. వాడకో బడి, ఊరికో బడి ఉండాలని మేం అనట్లేదు. అందరి పిల్లలూ ఒకే బళ్ళో కూచోవాలన్నది మన పాత కోరికే. కానీ ఇక్కడ కలిపింది పిల్లల్ని కాదు, పోస్టుల లెక్కల్ని. ఆసామి బిడ్డ ఎప్పుడో కాన్వెంటుకి పోయాడు.

ఇంగ్లీషు మీడియం మీదా ఇదే గందరగోళం. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81 ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తమ పిల్లల్ని కాన్వెంటుకి పంపి మన పిల్లలకి తల్లిభాష గొప్పతనం చెప్పే వాళ్ళతో మేం లేం. మనకి ఇంగ్లీషు కావాలి. అయితే తెలుగు మీడియంలో చదివి, తెలుగులోనే శిక్షణ పొందిన మొదటితరం టీచరుకి కొద్దిరోజుల ట్రైనింగిచ్చి 'రేపట్నుంచి ఇంగ్లీషులో చెప్పు' అంటే, ఓడిపోయేది ఎవరు? ఓడాక 'రిజర్వేషను టీచర్లు ఇంతే' అనేది ఎవరు? నేర్పించకుండా పరీక్ష పెట్టడం మనకి కొత్త కాదు. ఇప్పుడు దానికి సంస్కరణ అని పేరు పెట్టారు.

ఇంతా రాసి మన టీచర్లందరూ సత్యవంతులని మేం చెప్పబోవట్లేదు. బడి ఎగ్గొట్టే వాళ్ళున్నారు. ఉద్యోగం రాగానే వాడ వదిలి టౌనులో ఇల్లు కట్టుకుని, తమ పిల్లల్ని ప్రైవేటుకి పంపేవాళ్ళు మనలోనూ ఉన్నారు. దళిత పిల్లల్ని వెనక బెంచీలో కూచోబెట్టే అగ్రకుల టీచర్లున్నారు. వాళ్ళని ఏ యాప్ పట్టుకోలేదు. సంఘాలు పీఆర్సీ, డీఏల కోసం చూపించే పట్టుదల ఈ వెనక బెంచీ మీద చూపించవు. ప్రభుత్వం టీచర్ని దొంగలా చూస్తోందన్న వాళ్ళ ఫిర్యాదు నిజమే. పిల్లవాణ్ణి దొంగలా చూసే టీచరు మాటేమిటన్న మన ఫిర్యాదూ అంతే నిజం.

కాబట్టి మేం చర్చకు పెడుతున్నవి మూడే మాటలు. వాడ బడికి ఇద్దరు పూర్తి జీతపు టీచర్లు, అదీ రోస్టరు ప్రకారం. టీచరు సమయంలోంచి తీసుకునే ప్రతి గంటకీ ఆ గంట ఏ పిల్లవాడిదో జవాబు. తరగతి గదిలో కుల వివక్ష మీద విచారణ, వాడ తల్లిదండ్రులే సాక్షులుగా.

దళిత టీచర్లు ఈ చర్చలోకి రావాలి. మీరు కూచున్న కుర్చీని చూసే మేం ఇక్కడిదాకా వచ్చాం. దాని కాళ్ళు ఒక్కొక్కటే కోస్తున్నారు. మన జీతం కోసం మాత్రమే కాదు, కింద చాప మీద కూచున్న పిల్ల కోసం కూడా మాట్లాడాల్సిన రోజిది.