లైనక్స్‌కి ఛత్తా బజార్ కళ్లు కావాలి

హైదరాబాద్ పాతబస్తీలో పెళ్లి కుదిరితే శుభలేఖల కోసం ఛత్తా బజార్‌కి వెళ్తారు. మదీనా చౌరస్తాకీ పురానీ హవేలీకీ మధ్య ఉన్న ఆ వీధిలో ఒకే కార్డు మీద ఉర్దూ, ఇంగ్లిష్, అడిగితే తెలుగు కూడా అచ్చువేసి ఇస్తారు. కంప్యూటర్లు రాకముందు కాతిబ్‌లు అనే లేఖకులు కలం చెక్కుకుని చేత్తో రాసేవారు. ఉర్దూకి వాడే నస్తాలీఖ్ రాతలో మాట కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతూ వస్తుంది. పక్కన ఏముందన్నదాన్ని బట్టి ప్రతి అక్షరమూ ఆకారం మార్చుకుంటుంది. చుక్కలు ఒకదాన్నొకటి తాకకూడదు. ‘రే’ అనే అక్షరం తర్వాత వచ్చేది ఎడంగా పోకూడదు. ఉస్తాద్ దగ్గర ఏళ్ల తరబడి కూర్చుంటే గానీ ఇవి కంటికి పట్టుబడవు. లైనక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కి ఇవాళ బాగా కావలసింది అలాంటి కళ్లే.

నస్తాలీఖ్‌ని యంత్రానికి నేర్పడం చాలా కష్టమైంది. పాకిస్తాన్ ఖుష్‌నవీస్ (చేతిరాత కళాకారుడు) మీర్జా అహ్మద్ జమీల్ సుమారు 20 వేల అక్షరకూటాలు చేత్తో రాసిస్తే 1981లో నూరీ నస్తాలీఖ్ ఫాంటు తయారైంది. ఢిల్లీ నుంచి 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌తో ఉర్దూ డీటీపీ ఊపందుకుంది. తెలుగు డీటీపీలో అదే స్థానం అను ఫాంట్లది. రెండూ మన ముద్రణకి గొప్ప మేలు చేశాయి. కానీ రెండింటిలోనూ పాత ఫైళ్లు సొంత సంకేతాల్లో ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంకాని గీతలు కనిపిస్తాయి. వెతికితే మాట దొరకదు. ముప్పయ్యేళ్ల పుస్తకాలు, పత్రికలు ఇలా సొంతదారుడి చేతిలోంచి జారి అమ్మకందారుడి ఫార్మాట్‌లో ఇరుక్కుపోయాయి. ఒత్తు తప్పుగా పడినా, చుక్క పక్కకి జరిగినా, దిద్దే అధికారం ఆ లిపి చదవగలిగినవాళ్లకి లేదు. నాకు ఇది ధర కంటే పెద్ద విషయం.

రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టును ప్రకటించినప్పుడు ఎత్తిచూపింది ఈ అధికారం సంగతే. అలాంటి ప్రోగ్రాముని ఎవరైనా నడుపుకోవచ్చు, విప్పి చూడొచ్చు, పంచుకోవచ్చు, మార్చినదాన్నీ పంచుకోవచ్చు. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో రాసిన కెర్నెల్ దానితో కలిశాక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికొచ్చింది. హైదరాబాద్‌లో 2005లో స్వేచ్ఛ బృందం తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ని అదే పేరుతో విడుదల చేసింది. ఆ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల్లో గ్నూ/లైనక్స్ బృందాలు పుట్టాయి.

తెర మీద ఒక్క తెలుగు అక్షరం కనిపించడానికి ఎందరి చేతులు పడ్డాయో చూడండి. డెబియన్ అనే లైనక్స్ పంపిణీలో కెనడావాసి తిరుమల కృష్ణదేశికాచార్యులు గీసిన పోతన, వేమన ఫాంట్లున్నాయి. మండలి, పొన్నాల, రామభద్ర, సురవరం లాంటివి ‘తెలుగువిజయం’ అనే మూటలో దొరుకుతాయి. ఏ హల్లు కింద ఏ ఒత్తు పడాలో, ఏ గుణింతం ఎటు జరగాలో లెక్కకట్టే పని హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ది. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫాబోద్ ఏళ్లుగా దానికి ప్రాణం పోశాడు. క్షకారానికీ నస్తాలీఖ్ వాలుకీ ఒకే ఇంజిన్ పనిచేస్తుంది. ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ 2017లో వచ్చిన 5.3 కూర్పు నుంచి అన్ని వేదికల మీదా దీన్నే వాడుతోంది.

స్క్రైబస్ కథ ఇంకా బావుంటుంది. పేజీలు దిద్దే ఈ ప్రోగ్రాములో మన లిపులు చాలా కాలం సరిగ్గా పలకలేదు. ఒమన్‌లో ఒక బృందం తమ అరబిక్ కోసం అందులో హార్ఫ్‌బజ్‌ని అమర్చింది. ఆ కృషి 2017లో 1.5.3 కూర్పులో చేరింది. వాళ్లు రాసుకున్నది అరబిక్ అవసరానికి; ఒత్తులు కుదిరింది తెలుగుకి, వాలు దక్కింది ఉర్దూకి. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆ మార్పు ఒమన్ దాటి వచ్చేది కాదు.

ఇక ప్రోగ్రామింగ్ రానివాళ్లు ఏం చేయగలరు? చాలా చేయగలరు. ముందు తప్పు చూపడం. ఒక మాట వంకరగా కనిపిస్తే అదే మాటని రెండు ఫాంట్లలో, రెండు ప్రోగ్రాముల్లో టైపు చేసి చూడాలి. ఒకే ఫాంటులో అన్ని చోట్లా తప్పుంటే లోపం ఫాంటుది. ఒకే ప్రోగ్రాములో అన్ని ఫాంట్లలోనూ తప్పుంటే లోపం ప్రోగ్రాముది. ఆ మాటని, తెర బొమ్మని, చేత్తో రాసిన సరైన రూపం ఫొటోని కలిపి పంపితే ప్రపంచంలో ఏ మూలనున్న ఫాంట్ రూపకర్తకైనా అర్థమవుతుంది. నోటో నస్తాలీఖ్, ఎస్‌ఐఎల్ సంస్థ 2017లో తెచ్చిన అవామీ నస్తాలీఖ్ రెండూ తెరిచి ఉన్న ఫాంట్లే. చుక్క ఎక్కడ కూర్చోవాలో చెప్పగల కాతిబ్ ఒక్క గీతతో ఇచ్చే సలహా, ఆ లిపి చదవలేని ప్రోగ్రామర్‌కి వారాల పని తప్పిస్తుంది.

తెలుగులో ప్రూఫులు దిద్దేవారికీ ఇదే మాట. ‘సాఫ్ట్‌వేర్’ టైపు చేసినప్పుడు ట్ తర్వాత కంటికి కనిపించని విడదీత గుర్తు పెట్టకపోతే వ ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. ఇలాంటివి పట్టుకునేది పొల్లు, ఒత్తు తేడా ఎరిగిన కన్నే.

రెండో పని అనువాదం. లైనక్స్‌లో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ తెరమీది వాక్యాలన్నీ పీఓ ఫైళ్లలో ఉంటాయి: ఒక వరుసలో ఇంగ్లిష్, దాని కింద మన మాట. ఇంగ్లిష్‌లో ఫైలు పేరు వాక్యం చివర వస్తుంది, మనకి క్రియ చివర రావాలి. పైగా పేరు ఏ అచ్చుతో ముగుస్తుందో ముందే తెలియదు కాబట్టి దానికి ‘ని’ అతికించాలో ‘ను’ అతికించాలో తేలదు. అనుభవమున్నవారు ‘అనే ఫైలును తెరవలేకపోయాం’ అని మధ్యలో ఒక నామవాచకం నిలబెట్టి విభక్తిని దానికి తగిలిస్తారు. మూలవాక్యం మారితే పాత అనువాదానికి ‘ఫజీ’ ముద్ర పడుతుంది. ఎవరో ఒకరు మళ్లీ చూసేదాకా అక్కడ ఇంగ్లిషే కనిపిస్తుంది. అందుకే ఈ పనికి ఒక్కసారి పట్టే ఉత్సాహం చాలదు, ప్రతి కొత్త కూర్పుకీ కూర్చునేవాళ్లు కావాలి. తెలుగులో నిజమైన కొరత ఇదే.

హైదరాబాద్‌కి అలాంటి కూర్చోవడం తెలుసు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ దాని తొలి నాజిమ్ (నిర్వాహకుడు). శాస్త్రం తెలిసినవాళ్లూ భాష తెలిసినవాళ్లూ ఒకే కమిటీలో కూర్చుని రసాయన శాస్త్రానికీ, వైద్యానికీ ఉర్దూ పరిభాష తేల్చేవారు. పీఓ ఫైలుని ఒకరు అనువదించి మరొకరు సరిచూసే పద్ధతి కూడా అదే. అప్పుడు నిజాం ఖజానా ఉంది, ఇప్పుడు స్వచ్ఛందంగా వచ్చేవాళ్లున్నారు.

మొదలుపెట్టడానికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మద్దతు ఆగిపోవడంతో, విండోస్ 11 ఎక్కని లాప్‌టాప్‌లు ఎన్నో పక్కన పడ్డాయి. వాటిలో 64 బిట్ ప్రాసెసర్ ఉంటే చాలు, డెబియన్ 13ని ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో ఎక్కించవచ్చు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే లైవ్‌గా నడిపి వైఫై, సౌండు, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవాలి. పాత ఫైళ్లు వేరే డ్రైవులో దాచుకున్నాకే ఇన్‌స్టాల్ చేయాలి. తర్వాత కీబోర్డు అమరికల్లో తెలుగు, ఉర్దూ రెండూ చేర్చండి. లిబ్రేఆఫీస్‌లో నోటో నస్తాలీఖ్‌తో ఒక శుభలేఖ కూర్చి, పెళ్లికొడుకు పేరు, ఊరి పేరు, తారీఖు అంకెలు ఎలా పడ్డాయో ప్రింటు తీసి, ఛత్తా బజార్‌లో ఇంకా కలం పట్టే పెద్దాయనకి చూపించండి. ఆయన ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితాన్ని ఫొటో తీసి ఫాంట్ తయారుచేసేవాళ్లకి పంపండి.