చెవికి అందే తెలుగు: శ్రవ్య పుస్తకాలపై కొన్ని పరిశీలనలు

ఈ పత్రికలో సాధారణంగా అచ్చయిన గ్రంథాలమీద సమీక్షలు వస్తూ ఉంటాయి. ఈ వ్యాసం మాత్రం నేను చదవని, విన్న పుస్తకాలను గురించినది. కొన్నేళ్లుగా మదురై నుంచి మా ఊరు కడంబూరుకు వెళ్లే రైలులో, మూల్యాంకన శిబిరాల మధ్య విరామాలలో, రాత్రి కళ్లు అలసిన తరువాత, తెలుగు కథలూ నవలలూ చెవితోనే ఎక్కువగా అందుకుంటున్నాను. ఈ మాట విభాగంలో అన్నప్పుడు ఒక సహోద్యోగి, “విన్నదాన్ని చదివిన లెక్కలో వేసుకోవచ్చునా?” అని అడిగారు. భారతం విన్నాం, భాగవతం విన్నాం అనడమే మన ఇళ్లలో మొన్నమొన్నటి వరకూ వాడుక. పురాణ కాలక్షేపానికి వెళ్లి వచ్చినవాణ్ని “నువ్వు చదవలేదు కదా” అని ఎవరూ నిలదీసినట్టు లేదు. కాబట్టి లెక్క సంగతి పక్కన పెట్టి, విన్నది ఎట్లా ఉన్నదో చూడడం మేలు.

చరిత్ర ఒక్క ముక్కలో చెప్పుకుందాం. 1934లో అమెరికాలోని కాంగ్రెస్ గ్రంథాలయం అంధుల కోసం ‘మాట్లాడే పుస్తకాలు’ గ్రామఫోను రికార్డులమీద పంపడం మొదలుపెట్టింది. మనకు హరికథా, బుర్రకథా, ఆపైన ఆకాశవాణి ఉండనే ఉన్నాయి. తరువాత కేసెట్లూ, ఇప్పుడు చేతిలోని ఫోనూ. దాసుభాషితం వంటి యాప్‌లు ఈ పనికోసమే పుట్టాయి. కిరణ్ ప్రభ గారి ప్రసంగాల వంటివి పుస్తకాలను పరిచయం చేస్తూ లక్షలమందికి చేరాయి. తెలుగు దేశంలో ఇవన్నీ చదువుకు తోడుగా వచ్చిన సౌకర్యాలు. కడంబూరు వైపున వీటి స్థితి వేరు.

తూత్తుకుడి జిల్లాలో, కోవిల్పట్టికీ మణియాచ్చికీ మధ్య, పోళీలకు పేరుపడిన రైల్వే స్టేషను మాది. కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరం వరకూ పరుచుకున్న ఈ నల్లరేగడి సీమలో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు వేలాదిగా ఉన్నాయి. నాయకర్లు, నాయుళ్లు, రెడ్లు, చక్కిలియర్లు అందరూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వీరిలో తెలుగు లిపి చదవగలిగినవారు బహు అరుదు. బడి తమిళం, బస్సు బోర్డు తమిళం, పెళ్లిపత్రిక తమిళం. ఇది ఎప్పుడూ ఇట్లాగే ఉన్నది కాదు. మా ఊరికి అంత దూరం కాని ఎట్టయపురంలో 1904లో సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని తెలుగులో అచ్చువేయించారు. అంతటి ఉద్గ్రంథం తెలుగు అక్షరాలలో అచ్చయిన ఆ చుట్టుపక్కలనే ఈనాడు ఒక తెలుగు కథ పుస్తకం చేతికిస్తే తిరగేసి చూసి, బొమ్మలు లేవని పక్కన పెడతారు. వీరికి శ్రవ్య పుస్తకం సౌకర్యం అనే మాటకు మించినది. లిపి అడ్డు లేకుండా తెలుగు సాహిత్యంలోకి వారికున్న దారి ఇదొక్కటే. అందువల్ల ఆ దారి ఎట్లా వేశారన్నది కాస్త పట్టింపుగా చూడవలసి ఉంది.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘వడ్లగింజలు’ను తీసుకుందాం. తంగిరాల శంకరప్ప చదరంగ నైపుణ్యం, పెద్దాపురం మహారాజు దర్శనం కోసం అతడు పడిన పాట్లు పాఠకులకు తెలియనివి కావు. శ్రీపాద వారి కథనం చాలామేరకు సంభాషణే. ఎవరు అన్నారో చెప్పకుండానే మాటకు మాట పేర్చుకుంటూ పోతారు. అచ్చులో కొత్త పంక్తి మొదలయితే కన్ను గ్రహిస్తుంది, మాట చేయి మారిందని. చెవికి పంక్తి లేదు. అక్కడ పఠిత గొంతే పంక్తి కావాలి. నేను విన్న ఒక పఠనంలో ఇద్దరు పాత్రధారుల మాటలూ ఒకే ఎత్తులో, ఒకే వడిలో సాగి, నాలుగు మాటలు గడిచేసరికి ప్రశ్న ఎవరిదో జవాబు ఎవరిదో తేలక పోయింది. మరొకచోట దీనికి విరుగుడుగా ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వేషం కట్టారు; ముసలివారికి దగ్గు, స్త్రీకి సన్నగొంతు, మహారాజుకు రంగస్థలపు గర్జన. కథ కాస్తా నాటకమైంది. ఈ రెంటికీ మధ్య ఒక పద్ధతి ఉన్నది, మంచి హరిదాసులకు అది తెలుసు: వేషం మార్చరు, మాట ఎత్తుకునే చోటును మారుస్తారు. ఒక పాత్ర మాట కిందిస్థాయిలో మొదలై పైకి పోతే రెండోది పైనుంచి దిగుతుంది. ఇంతే చాలు, వినేవాడు తప్పిపోడు.

పూర్వ లాక్షణికులు దీన్నే కాకువు అన్నారు. కాకువు మారితే అర్థం మారుతుంది. విరామం మారినా అంతే. “రాముడు చెప్పిన మాట వినలేదు” అన్న వాక్యాన్ని చూడండి. ‘రాముడు’ దగ్గర ఆగితే మొండివాడు రాముడే. ‘మాట’ దగ్గర ఆగితే రాముడు పెద్దమనిషి, మొండివాడు మరెవడో. అచ్చులో ముందూ వెనకా చూసుకుని సరిదిద్దుకుంటాం. కంఠంలో ఒకసారి ఆగిందంటే ఆగిందే. తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, విశేషణ వాక్యాలు ముందు గుట్టగా పేరుకుంటాయి. పఠిత వాక్యాంతం దాకా ముందుగా చూసి ఉంటేనే ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుస్తుంది. ఇప్పటి పఠనాలలో తొంభై పాళ్ల దోషం ఇక్కడే, ఊపిరి అయిపోయినచోట ఆగడం. యంత్రకంఠాలు చదివే తెలుగు కూడా ఈమధ్య వినవస్తున్నది. వాటికి ఊపిరి బాధ లేదు గనక కామా దగ్గరే ఆగుతాయి, కామా లేకపోతే ఆగనే ఆగవు. ‘డా.’ అన్న పొట్టి అక్షరానికి ఒక యంత్రం చేసిన సత్కారం విని మా తరగతి చాలాసేపు నవ్వింది.

‘వేయిపడగలు’ను విశ్వనాథ సత్యనారాయణ గారు 1934లో నోటితో చెబుతూ పోగా తమ్ముడు వెంకటేశ్వర్లు గారు రాసుకున్నారని ప్రసిద్ధి. నోటినుంచి పుట్టిన నవల నోటికి సులభంగా ఒదుగుతుందని ఊహించాను. ఒదిగింది కూడా. ఆ సుదీర్ఘ వాక్యాలకు లోపల ఒక నడక ఉన్నది. కన్ను తడబడే చోట చెవి తడబడదు. చలం గారి విషయంలో దీనికి వ్యతిరేకంగా జరిగింది. ఆయన వాక్యాల మధ్య వదిలిన చుక్కలు కంటికి నిట్టూర్పులుగా కనిపిస్తాయి. చదివే మనిషి వాటిని నిజంగానే నిట్టూరిస్తే పేజీకి పది నిట్టూర్పులు వినవలసి వస్తుంది.

ఇక నేపథ్య సంగీతం. సాయంత్రం అయిందని రాసి ఉంటే సాయంత్రం అయిందని నమ్మే తెలివి శ్రోతకు ఉంటుంది; వేణువు అక్కర లేదు. ఒక కథలో వాన కురిసినంతసేపూ వాన చప్పుడు పెట్టారు. రైలు చక్రాల మోత, ఎదుటి బెంచీమీద పల్లీమిఠాయి పంపకం, దానికి తోడు ఈ వాన, ఇన్నింటి కింద కథ ఎక్కడో మునిగిపోయింది. చెవిలో పెట్టుకునే తీగల సంగతి వేరే చెప్పాలి. జేబులో పెట్టినప్పుడు తిన్నగా ఉన్నవి తీసేటప్పటికి ముడిపడి ఉండడం ఏ భౌతికశాస్త్రజ్ఞుడైనా వివరించగలిగితే వినాలని ఉంది. కళ్లు మూసుకుని వింటున్న ఆచార్యుణ్ని అందరూ నిద్రపోతున్నాడనే అనుకుంటారు. మూల్యాంకన శిబిరంలో ఒకరు నా భుజం తట్టి, టీ వచ్చిందని చెప్పి, కథానాయిక ఏ నిర్ణయం తీసుకున్నదో తెలియకుండా చేశారు. మా పరిశోధక విద్యార్థి ఒకతను అన్నింటినీ ఒకటిన్నర వేగంతో వింటాడు. “టైం కలిసొస్తుంది సార్” అంటాడు. కాకువు మీద వ్యాసం రాస్తున్న విద్యార్థి అతను.

ఉచ్చారణ దగ్గరికి వద్దాం. ‘చాలు’, ‘చూపు’, ‘జొన్న’ వంటి మాటల్లో ఉన్న దంత్య చ, జ లకు వాడుకలో వేరే అక్షరాలు లేవు. పూర్వం ఈ అక్షరాలమీద చిన్న రెండు అంకె వేసి చూపిన రోజులున్నాయి, అది పోయింది. నోటివాడుక ద్వారా మాత్రమే అందే ఈ భేదాన్ని యువ పఠితలు చాలామంది వదిలేస్తున్నారు, అన్నీ తాలవ్యాలే. శ, ష, స లు కలిసిపోవడం గురించి చాలామంది రాశారు గనక వదిలేస్తాను. ళకార, ణకారాల విషయం మాత్రం మాకు దగ్గరది. కోస్తాలో ‘కల్లు’గా, ‘ప్రానం’గా పలుచబడే ఈ ధ్వనులు కడంబూరు ఇళ్లలో నిక్కచ్చిగా నిలిచి ఉన్నాయి. తమిళ సహవాసం వాటికి కాపలా కాసింది. “వీళ్లు కళ్లు అనమంటే కల్లు అంటున్నారే” అని మావాళ్లు నవ్వుతారు. ‘శుద్ధమైన తెలుగు’ ఎక్కడిదన్న చర్చలో మావాళ్లను ఎవరూ పిలవరు, ఆ మాట వేరు.

మా చిన్నమ్మకు డెబ్బై దాటాయి. తెలుగు తప్ప ఇంట్లో మరో మాట ఆడదు. తమిళ పత్రిక కూడబలుక్కుని చదువుతుంది. ఒక సెలవులో ఆమెకు ఫోనులో ఒక తెలుగు కథ పెట్టాను. చిన్నమ్మ మొదటి వాక్యానికే “ఊ” అన్నది. రెండో వాక్యానికి మళ్లీ “ఊ”. ఫోనులోని అమ్మాయి ఈమె ఊకొట్టేలోగా మూడో వాక్యంలోకి వెళ్లిపోయింది. కొంతసేపు ఓర్చుకుని, “ఈ బిడ్డ ఎవురు నాయినా? ఇంత వడిగా చెప్తే ఎట్లా ఊకొట్టేది?” అన్నది. ఆపి ఆపి వినిపించాను. ఆమెకు తెలియక అడిగిన మాటలను వరుసగా రాసుకున్నాను. మాండలిక భేదం అడ్డు వస్తుందని నేను సిద్ధపడి ఉన్నాను. అది పెద్దగా అడ్డు రాలేదు. అడిగినవాటిలో ఎక్కువ పాలు పత్రికా సంస్కృతం: ‘నేపథ్యం’, ‘పర్యవసానం’ లాంటివి. తరువాతి పాలు ‘కబురు’, ‘మజిలీ’ వంటి పార్శీ, అరబ్బీ మాటలు. ఇంగ్లీషు మాటలు ఒక్కటీ అడగలేదు. మర్నాడు నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి ‘పచ్చనాకు సాక్షిగా’ నుంచి ఒకటి నేనే చదివాను. చిత్తూరు జిల్లా పలుకుబడి అది. ఒక్క మాటకూ అర్థం అడగలేదు. మధ్యలో “వాళ్లు మన కులపోళ్లా?” అని మాత్రం అడిగింది.

దీన్నిబట్టి ఒక నిర్ధారణకు రావచ్చు. శ్రవ్య పుస్తకాలను తయారుచేసేవారి దృష్టిలో శ్రోత అంటే నగరంలో ఉండి, చదవగలిగీ తీరిక లేనివాడు. ఆ శ్రోతకు తగిన వేగం, ఆ శ్రోతకు తగిన ప్రామాణిక భాష, కార్డు ఉంటేనే చెల్లే చందా. చదవడం రాక, వినడం మాత్రమే వచ్చిన తెలుగువాడు ఆ లెక్కలో కనిపించడు. రాయలసీమ, చిత్తూరు కథకులను వారి వారి పలుకుబడిలోనే, ఆ ప్రాంతపు గొంతులతో చదివిస్తే దక్షిణ తమిళనాడు దాకా అవి ఇబ్బంది లేకుండా వస్తాయి. ప్రామాణిక ఉచ్చారణలోకి మార్చి చదివితే రావు. పులికాటు ప్రాంతపు తెలుగులో స.వెం. రమేశ్ గారు రాసిన ‘ప్రళయకావేరి కథలు’ను విజయవాడ యాసలో వినడం ఊహించుకుంటేనే విషయం తెలుస్తుంది.

అన్నిటికన్నా చిక్కైన ప్రశ్న మా పొరుగూరిది. కోవిల్పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటిభాష తెలుగు, రాసినది తమిళం. 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు వచ్చింది. 2021లో కన్నుమూసే వరకూ తమిళ రచయితలంతా ఆయనను ‘నైనా’ అని పిలిచారు. అది మన ‘నాయన’. అంతకు ముందటి ‘గోపల్ల గ్రామం’ 1976లో వచ్చింది. ఒక తెలుగు కుటుంబం దక్షిణానికి వలస వచ్చిన కథ అది. ఆ కథను నవలలో చెప్పేది మంగత్తాయారు అనే శతాధిక వృద్ధురాలు. ఇంట్లో కూర్చున్నవారికి ఆమె నోటితో చెబుతుంది. తెలుగులోనే చెప్పి ఉండాలి. మనం చదివేది మాత్రం తమిళం. ఈ నవలను తెలుగులో శ్రవ్య రూపంగా తెస్తే ఆ అవ్వ ఏ తెలుగు మాట్లాడాలి? అనువాదకుడు అచ్చులో ఈ ప్రశ్నను దాటవేయవచ్చు, గొంతు దాటవేయలేదు. నోరు తెరవగానే ఆమె ఏదో ఒక ఊరి మనిషి అయిపోతుంది. కృష్ణా తీరపు గొంతు పెడితే వలస రాని మనిషి వలస కథ చెప్పినట్టు ఉంటుంది.

ఈ సీమలోనే ఆ గొంతులు ఇంకా ఉన్నాయి. ఏటికి అడ్డంగా చెట్టు వంగి దారి ఇచ్చిందన్న గాథ ఇక్కడి తెలుగు కులాల వలస కథల్లో ఉన్నదే. చిన్నమ్మ దాన్ని పదకొండు నిమిషాలు చెప్పింది, నేను ఫోనులో ఎక్కించాను. ఆమె వాక్యాంతంలో ఆగలేదు, ఊపిరి అయిపోయినప్పుడూ ఆగలేదు. నా “ఊ” కోసం ఆగింది. పీఠంలో దాచడానికి ప్రతి తీసేటప్పుడు మా ఒకటిన్నర వేగపు విద్యార్థి ఆ “ఊ”లను చప్పుడు కింద జమకట్టి తీసివేయబోయాడు. ఉంచమన్నాను.