పొయ్యిలో పిల్లి, పక్కలో పిల్లి

మా నాయనమ్మ వంటింట్లో రెండు పొయ్యిలుండేవి. ఒకటి రోజువారీ వంటకి, రెండోది పండగలకీ తద్దినాలకీ. రాత్రి అందరి భోజనాలూ అయ్యాక ఇంటి పిల్లి వచ్చి మొదటి పొయ్యి గట్టు మీద కూర్చునేది. వెంటనే దిగేది కాదు. మీసాలు ముందుకు పెట్టి బూడిద మీదికి వంగేది, ఒక పంజా చాచి వెనక్కి తీసుకునేది, మళ్ళీ కూర్చునేది. నిప్పు పూర్తిగా ఆరి, వేడి మాత్రం మిగిలే ఆ వేళ కోసం కాచుకుని అప్పుడు దిగేది. తొందరపడిన పిల్లుల సంగతి మన భాషలో ఎలాగూ ఉంది, కాలుగాలిన పిల్లి అని. తెల్లవారి నాయనమ్మ చీపురుతో అదిలిస్తే ఒళ్ళంతా బూడిదతో లేచి, వెన్ను విల్లులా వంచి ఒళ్ళు విరుచుకుని వెళ్ళిపోయేది. వండుకోవడానికి గింజ లేని ఇంటిని గురించి ‘పొయ్యిలో పిల్లి లేవలేదు’ అంటారు. ఆ మాట మొదట అన్నది ఎవరో గానీ పేదరికాన్ని ఎంత బాగా చూశారో పిల్లినీ అంత బాగా చూశారు.

గ్యాసు పొయ్యిలొచ్చాక బూడిద పోయింది. ఇప్పుడు విజయవాడలో మా ఇంట్లో ఆ పొయ్యి స్థానం మా మంచానికి దక్కింది. మిరియం అని పదకొండేళ్ళ నల్లపిల్లి, జున్ను అని మూడేళ్ళ మగపిల్లి. మా ఆవిడా నేనూ చెరో అంచుకీ జరిగి, నడుమ స్థలం వాటికి రాసిచ్చేసి చాలా కాలమైంది. ఉబ్బసం ఉన్నవాళ్ళూ, పసిబిడ్డల్ని పక్కలో వేసుకునేవాళ్ళూ మా దారిలో నడవకూడదు. మిగిలినవాళ్ళకి చెప్పేదేమిటంటే, పిల్లిని సోమరి అనేవాళ్ళెవరూ దాని పక్కన పడుకుని చూసి ఉండరు. రోజుకి పన్నెండు నుంచి పదహారు గంటలు నిద్రపోయే ఆ జీవి ఆ పనిని ఎంత నేర్పుగా చేస్తుందో, మంచి కంసాలి చేతుల్ని చూసినట్టు దగ్గర కూర్చుని చూడాలి.

మొదట చోటు. పిల్లి ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్. మన కంటే ఒక డిగ్రీ పైమాటే. ఆ వేడి నిలుపుకోవడానికి ఒళ్ళు అదనంగా కష్టపడకుండా ఉండాలంటే చుట్టూ 30 నుంచి 38 డిగ్రీలు ఉండాలట. అంటే ఏసీ 24లో పెట్టుకుని ‘అబ్బ, హాయిగా ఉంది’ అని మనం అనుకునే గది పిల్లి లెక్కలో చలిగది. అందుకే వెతుకులాట. డిసెంబరులో జున్ను నా మోకాళ్ళ వెనక గుంటలో ఉంటాడు. సంక్రాంతికి పొట్ట మీదికి వస్తాడు. శివరాత్రి వెళ్ళాక పాదాల దగ్గరికి దిగుతాడు. రోహిణి కార్తెలో మంచమే దిగిపోయి బాత్రూం గుమ్మం దగ్గర గచ్చు మీద, నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి చాచి, ఆరేసిన గుడ్డలా పడుకుంటాడు. ఫ్యాను రెండులో పెట్టాలా మూడులోనా అన్నది మా ఆవిడ జున్ను ఎక్కడ పడుకున్నాడో చూసి తేలుస్తుంది.

చోటు కుదిరాక పక్క సర్దుకోవడం. ఇందులో మిరియంది అందె వేసిన చెయ్యి. నాయనమ్మ పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత ఒకటి మా ఇంట్లో మిగిలింది. మిరియం దాని మీద నిలబడి ముందుకాళ్ళతో ఒకటి తరవాత ఒకటి, పూరీల పిండి పిసికినట్టు పిసుకుతుంది. కళ్ళు సగం మూసుకుని, గోళ్ళు బయటికి తీస్తూ లోపలికి లాక్కుంటూ పది నిమిషాలు. పాలు తాగే పిల్లిపిల్లలు తల్లి పొట్టని ఇలాగే నొక్కుతాయి, పాలు చేపడానికి. ఆ అలవాటు పదకొండేళ్ళ ముసలమ్మ కాళ్ళలో ఇంకా ఉంది. బొంత ఆ మూల కుట్లన్నీ ఊడిపోయాయి. మా ఆవిడ ఏడాదికోసారి కుడుతుంది, మిరియం మళ్ళీ విప్పుతుంది. బజారులో కొన్న పిల్లిపరుపు అటక మీద ఉంది. దాని సంగతి వదిలేద్దాం.

తరవాత చుట్టుకోవడం. ఇక్కడే దాని ఒంటి నిర్మాణం బయటపడేది. మనకి ఛాతీ వెనక వెన్నుపూసలు పన్నెండు, నడుములో అయిదు. పిల్లికి పదమూడూ, ఏడూ. మెడ కింద కంఠపుటెముక మనకి రెండువైపులా బిగించి ఉంటుంది. పిల్లికి అది చిన్న పుల్లలా, ఏ ఎముకకీ తగలకుండా కండలో ఊరికే ఉంటుంది. కాబట్టి భుజాలు ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. ముక్కు తోక మొదట్లోకి, వెనకపాదాలు గడ్డం కిందికి, తోక తిరిగి వచ్చి ముక్కు మీద మూతలా. చలిరాత్రి ఒంటి నుంచి వేడి బయటికి పోయే చోటు ఇంతకంటే తగ్గించడానికి లేదు. సున్నుండ చుట్టేవాళ్ళు కూడా అంత గుండ్రంగా చుట్టలేరు. నేను ఒకసారి మిరియాన్ని చూస్తూ అలా ముడుచుకోబోయి రెండు రోజులు నడుం పట్టీ కట్టుకున్నాను. ఆ ముచ్చట మా ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెబుతుంది.

ఒక్కోసారి చుట్టుకోకుండా కునుకే తీస్తుంది. కాళ్ళు నాలుగూ కిందికి మడిచి, మూటలా కూర్చుని, తల నిలబెట్టి కళ్ళు మూసుకుంటే అది కునుకు. అప్పుడు చెవుల్ని చూడండి. ఒక్కో చెవి డొప్పని తిప్పడానికి దానికి ఇరవైకి పైగా కండరాలు. ఒకటి వీధివైపూ ఒకటి వంటింటివైపూ, దేని దారి దానిదే. అలాగని వచ్చిన చప్పుడుకల్లా ఉలిక్కిపడదు. కుక్కరు మూడు కూతలు కూసినా జున్ను కదలడు. ఎండు నెత్తళ్ళ డబ్బా మూత కాస్త కదిలితే గుమ్మంలో ఉంటాడు. విద్యార్థికి అయిదు లక్షణాలు చెబుతూ పెద్దవాళ్ళు శ్వాననిద్ర అని కుక్కకి ఆ గౌరవం ఇచ్చేశారు. కుక్క నిద్రలో అప్రమత్తత ఉంది, కాదనను. ఏ చప్పుడుకి లేవాలో ఏ చప్పుడుని వదిలెయ్యాలో తెలిసిన విచక్షణ మాత్రం పిల్లిది. నా ఓటు పిల్లికే.

కునుకు దాటాక పక్కకి ఒరిగి గాఢనిద్ర. అది కాసేపు నడిచాక, దగ్గర పడుకున్నవాళ్ళకే కనపడే ఒక ఘట్టం మొదలవుతుంది. మెడ ఒక్కసారిగా వేలాడిపోతుంది. ఒళ్ళంతా నానిన గుడ్డ. మీసాలు మాత్రం అదురుతుంటాయి, పెదవి చివర వణుకుతుంది, మూసిన రెప్పల కింద కనుగుడ్లు పరుగెడుతుంటాయి, పంజా వేళ్ళు ఉండుండి ముడుచుకుంటాయి. ఫ్రాన్సులో లియోన్ నగరంలో మిషెల్ జువే అనే శాస్త్రవేత్త పిల్లుల మీద పనిచేసి 1959లో దీనికి పారడాక్సికల్ స్లీప్ అని పేరు పెట్టాడు, వైరుధ్యాల నిద్ర అని. మెదడు మేలుకున్నంత చురుగ్గా ఉంటుంది, కండరాలకి మాత్రం తాళం పడుతుంది. మనం కలలు కనేదీ ఎక్కువగా ఈ నిద్రలోనే. ఆ తాళం వేసే చోటు మెదడు కాండంలో ఉందని కూడా ఆ ప్రయోగశాలే చూపించింది. అక్కడ చిన్న గాయం చేసిన పిల్లులు నిద్రలోనే లేచి నిలబడ్డాయి. లేని ఎలుకని పొంచి చూశాయి, దాని మీదికి దూకాయి. ఎదురుగా నిజంగా ఉన్నదాన్ని మాత్రం చూడలేదు. మనిషి నిద్ర గురించి ఇవాళ మనకి తెలిసిందాంట్లో పెద్ద భాగం ఇలా పిల్లుల తలల్లోంచి తవ్వి తీసిందే. చదివినప్పుడు విస్తుపోయాను. ఆ రాత్రి జున్ను వేళ్ళు ముడుచుకుంటుంటే చూడబుద్ధి కాలేదు.

కునుకుకీ ఈ నిద్రకీ తేడా తెలిశాక నాకు జపానులోని ఒక బొమ్మ కొత్తగా అర్థమైంది. నిక్కోలోని తోషోగూ ఆలయంలో, తొకుగావా ఇయెయాసు అనే పాలకుడి సమాధికి వెళ్ళే దారిలో ద్వారం పైన చెక్కిన నిద్రపోయే పిల్లి ఉంది. దేశమంతా దాన్ని నెమురినెకో అంటుంది. హిదారి జింగొరో అనే శిల్పి పనిగా చెప్పుకుంటారు. వెనకవైపు పిచ్చుకలు ఆడుకుంటుంటాయి. పిల్లి నిద్రపోతోంది కాబట్టి పిచ్చుకలకి భయం లేదు, యుద్ధాలు పోయి శాంతి వచ్చింది అని దాని అర్థం చెబుతారు. నేను ఫొటోల్లోనే చూశాను. చూసిన ప్రతిసారీ కళ్ళు ముందుకాళ్ళ దగ్గర ఆగుతాయి. అవి నేలకి ఆని ఉన్నాయి, మెడలో బిగువుంది. మెడ వేలాడలేదు కాబట్టి అది కలల నిద్ర కానే కాదు. ఒక్క చప్పుడైతే లేస్తుంది. శిల్పి పొరపాటు పడ్డాడని అనుకోను. పిల్లి పక్కన పడుకున్నవాడే అలా చెక్కగలడు. పిచ్చుకలకి ఆ సంగతి తెలియకపోవడం వాటి అదృష్టం.

మరి మా మంచం మీద ఆ మెడ రోజూ వేలాడుతోందంటే? దేవుడికి అలా తనని వదిలెయ్యడాన్ని శ్రీవైష్ణవుల్లో తెంగలై వారు మార్జాలకిశోర న్యాయం అంటారు. కోతిపిల్ల తల్లిని తనే పట్టుకుంటుంది, పిల్లిపిల్లని తల్లే నోట కరచుకుని తీసుకుపోతుంది, పిల్ల చెయ్యాల్సింది ఒళ్ళు వదిలెయ్యడమే. శరణాగతికి ఇంత కంటే మంచి పోలిక దొరకదని వాళ్ళ నమ్మకం. మెడ మీది చర్మం పట్టి ఎత్తితే పిల్లికూన నిజంగానే కాళ్ళు ముడుచుకుని చలనం లేకుండా వేలాడుతుంది. పెద్దదయ్యాక అంత వదులుగా ఒళ్ళు వదిలేసేది వైరుధ్యాల నిద్రలోనే. దానికి ధైర్యం కావాలి. మిరియం మొదటి ఏడాది బీరువా మీద తప్ప కింద నిద్రపోలేదు. ఎప్పుడో ఒక వానరాత్రి దిగొచ్చి మా పాదాల దగ్గర మూటలా కూర్చుంది. మెడ వేలాడేసింది ఇంకో ఏడాదికి.

ఇందులో లోపం ఒకటుంది, చెప్పాలి. పిల్లి వేటకి వేళలు మునిచీకటీ తెలవారుజామూ. మనం ఇంకా నిద్రలో ఉండే నాలుగింటికి జున్నుకి పగలు మొదలవుతుంది. దుప్పటి కింద కదిలిన నా బొటనవేలు ఎలుక అవుతుంది. పడుకోబోయే ముందు కాసేపు తాడుతో ఆడించి, ఆ తరవాత తిండి పెడితే కొంత నయం. వేట, తిండి, నిద్ర అన్నది దాని వరస కాబట్టి. పూర్తిగా నయం మాత్రం కాదు.

ఇదంతా ఈ కాలపు ముద్దు అనేవాళ్ళకి ఒక్క మాట. సైప్రస్ దీవిలో షిల్లూరోకాంబోస్ అనే చోట ఫ్రెంచి పురావస్తు బృందం తవ్వితే, సుమారు 9,500 ఏళ్ళ కిందటి మనిషి సమాధి పక్కన పిల్లి అస్థిపంజరం దొరికింది. 2004లో ప్రకటించారు. ఇద్దరికీ మధ్య దూరం 40 సెంటీమీటర్లు, తలలు రెండూ ఒకే దిక్కుకి. ఇప్పుడు నా దిండుకీ మిరియానికీ మధ్య దూరం అటూ ఇటూగా అంతే.

చివరగా గురగుర. అది గొంతులోని స్వరతంతువుల పని. ఆ తంతువుల్లో చిన్న మెత్తలున్నాయనీ, అంత చిన్న గొంతు అంత మంద్రంగా మోగడానికి అవే కారణం కావచ్చనీ 2023లో వియన్నా పరిశోధకులు చూపించారు. అది వింటూ నిద్రపోవడం ఎంత బాగుంటుందో పిల్లి ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: నొప్పితో ఉన్న పిల్లి కూడా గురగురలాడుతుంది. ఆ చప్పుడుని బట్టి ఆరోగ్యం తెలియదు. తెలిసేది ఊపిరిలో.

రెండేళ్ళ కింద పశువైద్యురాలు మిరియం గుండెలో చిన్న గరగర వినిపిస్తోందని, ఇంట్లో నిద్రలో ఊపిరి లెక్కపెట్టమని చెప్పింది. పొట్ట ఒకసారి లేచి దిగితే ఒకటి. గురగుర ఆగాక లెక్కపెట్టాలి. మీసాలు అదిరే నిద్రలో ఊపిరి లయ తప్పుతుంది కాబట్టి అప్పుడూ వద్దు. పక్కకి ఒరిగి నిశ్చలంగా ఉన్నప్పుడు, గడియారం చూసుకుని నిమిషం. ముప్పై లోపు ఉంటే మంచిదే. మళ్ళీ లెక్కపెట్టినా ముప్పై దాటుతుంటే తెల్లవారేదాకా ఆగకుండా డాక్టరుకి ఫోను చెయ్యాలి. మీ పక్కలో పిల్లి ఉంటే ఈ రాత్రే ఒకసారి లెక్కపెట్టి కాగితం మీద రాసి పెట్టుకోండి, తరవాత పోల్చుకోవడానికి. నిన్న రాత్రి మిరియానికి ఇరవై రెండు.