మాల వేసుకునే ముందు

కార్తీకం వస్తే నా పనికి సీజన్ మొదలవుతుంది. మందుకు, మత్తుకు అలవాటుపడ్డవాళ్లను ఇంటి దగ్గరే కనిపెట్టుకుని చూసే నర్సుని నేను. సికింద్రాబాద్‌లోని అడ్డగుట్ట, వారాసిగూడ, మెట్టుగూడ గల్లీల్లో నల్లబట్టలు కనబడ్డాయంటే ఫిట్స్ కేసులు కూడా కనబడతాయి.

పొద్దున్నే క్వార్టర్ పడనిదే చెయ్యి నిలవని మనిషి ఒకరోజు తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఇంటిల్లిపాదీ సంబరపడతారు. మర్నాటికి చేతుల్లో వణుకు, ఒళ్లంతా చెమట. మొదటి రెండు రోజుల్లోనే ఫిట్స్ రావచ్చు. మూడో రోజుకల్లా కొందరు గోడ మీద లేని పురుగుల్ని దులుపుతుంటారు, కనిపించని మనిషితో గొడవ పడుతుంటారు. నియమం తప్పాడు, స్వామికి కోపమొచ్చిందంటుంది ఇల్లు. కోపం స్వామిది కాదు. ఏళ్ల తరబడి మందుకు అలవాటుపడ్డ మెదడుకు అది ఒక్కసారిగా ఆగిపోయింది, అంతే. వైద్యం అందకపోతే ఈ స్థితిలో ప్రాణం పోవచ్చు.

అందుకే గడప ఎక్కగానే ‘మానేశావా?’ అని నేనడగను. దానికి అందరూ మానేశాననే అంటారు. ‘ఆఖరుసారి ఎప్పుడు తాగినవు, ఎంత?’ అనడుగుతా. అక్కణ్నుంచి గంటలు లెక్కపెట్టుకోవాలి. చేతులు ముందుకు చాపమంటా, నాలుక చూస్తా, నాడి, బీపీ చూస్తా. ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అని భార్యనో తల్లినో పక్కకు పిలిచి అడుగుతా. ఆయన మరిచిపోయినా వాళ్లు మరిచిపోరు.

‘కల్లే సిస్టర్, మందు ముట్ట’ అనేవాళ్లతో ఇంకా జాగ్రత్త. గ్లాసులో ఉన్నది ఉత్త కల్లు కాకపోవచ్చు. కల్తీ కల్లులో కలిపే అల్ప్రజోలం నిద్రమాత్ర మందు. అదీ ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ తెస్తుంది. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ సెప్టెంబరులో మన పాత బోయిన్‌పల్లిలోనే, పిల్లలు చదువుకునే ఒక స్కూలు భవనంలో, అల్ప్రజోలం తయారు చేస్తుంటే మత్తుమందుల్ని అరికట్టే ఈగిల్ పోలీసులు పట్టుకున్నారు. పట్టుకోవడం మంచిదే. కానీ సరఫరా ఆగిన మర్నాడు తాగేవాడి గతేమిటన్నది ఎవరూ ఆలోచించరు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కు దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా పరుగెత్తారో చూశాం కదా!

నీరసంగా ఉన్నాడని గల్లీ ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు ఎక్కిస్తారు. తాగి తాగి తిండి మానేసిన ఒంట్లో బీ1 విటమిన్ అడుగంటి ఉంటుంది. దాన్ని ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ముందు ఆ బీ1, అంటే థయమిన్, తర్వాతే గ్లూకోజు. ఇంకో సంగతి. ‘తెలియకుండా మాన్పించే పొడి’ని సాంబార్లో కలిపే ఇల్లాళ్లున్నారు. వాళ్ల కష్టం నాకర్థమవుతుంది, కానీ వద్దమ్మా. అందులో డైసల్ఫిరామ్ లాంటి మందు ఉంటే, సంగతి తెలియని మనిషి దానిమీద తాగితే గుండె మీదికి వస్తుంది.

ఇంత చెప్పానని మాలకు నేను వ్యతిరేకిననుకోకండి. అంతకంటే మంచి డీ అడిక్షన్ వార్డు బస్తీలో నేను చూడలేదు. తాగే మనిషికి గండం సాయంత్రం ఏడు గంటలు. సరిగ్గా అప్పుడే పడిపూజ, భజన. నిన్నటిదాకా ఛీకొట్టిన వాడకట్టు ఇవాళ స్వామీ అంటూ భిక్షకు పిలుస్తుంది. నలభై ఒక్క రోజుల పాటు నలుగురూ కాపలా ఉంటారు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ వెలువరించిన సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతావాళ్లకు దేవుడే దిక్కయితే తప్పుపట్టడానికి మనమెవరం?

నేను చేసేదల్లా గురుస్వామిని కలవడం. మాత్రలు వేసుకుంటే దీక్షకు భంగమా స్వామీ అని అందరి ముందూ అడుగుతా. కాదని ఆయన నోట వస్తే, నేను వందసార్లు చెప్పినా మింగని మాత్ర ఆ పూటే మింగుతాడు. డాక్టరు వారం పది రోజుల్లో మోతాదు తగ్గిస్తూ మాత్రలు రాస్తారు, అలవాటు అల్ప్రజోలందైతే ఇంకా నెమ్మదిగా.

రెండో గండం మాల తీసిన రోజు. సికింద్రాబాద్ స్టేషన్లో శబరిమల స్పెషల్ దిగి ఇల్లు చేరగానే పాత దోస్తులు వస్తారు. ఆ వారం నేను పిలవకపోయినా వెళ్తా.

ఈసారి మీ ఇంట్లో తాగే మనిషి మాల వేసుకుంటానంటే సంతోషించండి. కానీ పది రోజుల ముందే గాంధీ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. ఎటు పోవాలో తోచకపోతే 14446కు ఫోన్ చేయండి, పైసా ఖర్చుండదు.