జీడిపప్పు, కొబ్బరి: పాఠం దాటవేసిన విభజన

శ్రీకాకుళం జిల్లాలో పలాస, టెక్కలి ప్రాంతాల నుంచి సముద్రతీరం దాకా వ్యాపించిన ఉద్దానానికి పేరు తెచ్చిన పంటలు కొబ్బరి, జీడి. ఈ రెండింటిలోనూ జనం తినేది గింజలోని ఒకే భాగం కాదు. జీడిపప్పు అంటే పిండంలోని రెండు బీజదళాలు. కొబ్బరి, కొబ్బరినీరు మాత్రం అంకురచ్ఛదం, అనగా పిండానికి ఆహారంగా ఏర్పడిన పదార్థం. పుప్పొడి రేణువు తెచ్చే రెండు పురుషబీజాలలో ఒకటి అండంతో కలిస్తే పిండమూ, రెండవది పిండకోశపు మధ్యకణంతో కలిస్తే అంకురచ్ఛదమూ ఏర్పడతాయి. దీనినే ద్విఫలదీకరణమంటారు. దీనిని 1898లో రష్యన్ శాస్త్రజ్ఞుడు నవాషిన్ కనిపెట్టాడు.

ఇంతవరకు పాఠ్యపుస్తకాలు చక్కగానే చెబుతాయి. కాని ఆ పురుషబీజాలు రెండు ఎలా అయినాయి? ఉత్పాదక కణం విభజన చెంది రెండు పురుషబీజాలు ఏర్పడతాయన్న ఒక్క వాక్యంతో సాధారణంగా పాఠం ముగుస్తుంది. వాక్యంలో తప్పు లేదు. విద్యార్థి అడగవలసిన ప్రశ్నను అడగనివ్వకపోవడమే దాని లోపం. పుప్పొడి రేణువులో నాళకణం పెద్దది, ఉత్పాదక కణం చిన్నది. రెండూ ఒకే కణం నుంచి పుట్టినవే. రెండింటిలోనూ వున్న జన్యువులు ఒకటే. అట్లయితే పెద్దది విభజన మానుకోగా, చిన్నది మాత్రమే, అదీ ఒక్కసారే ఎందుకు చీలుతున్నది?

ఆవాల కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో దీనికి కొంత సమాధానం దొరికింది. విభజనను అడ్డగించే కొన్ని ప్రోటీనులు కణంలో కాపలా కాస్తుంటాయి. ఎఫ్.బి.ఎల్. 17 అనే ప్రోటీను ఉత్పాదక కణంలో కొద్దికాలం మాత్రమే తయారై, ఆ కాపలాదారులను నాశనానికి అప్పగిస్తుందని 2008లో కొరియా, ఇంగ్లండు శాస్త్రజ్ఞులు చూపారు. నాళకణంలో కాపలా తొలగదు. అందుచేత అది చీలదు.

కాపలా తొలగినంత మాత్రాన పని పూర్తి కాదు. ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ట్వెల్ బృందం 2005లో వర్ణించిన డ్యువో 1 అనే జన్యువు పాడైతే, ఉత్పాదక కణం తన డి.ఎన్.ఏ.ను రెట్టింపు చేసుకొని కూడా విభజనలో అడుగుపెట్టదు. పైగా ఫలదీకరణకు కావలసిన ప్రోటీనులూ దానిలో సరిగా తయారు కావు. అంటే రెండుగా చీలడానికీ, పురుషబీజంగా పరిణతి చెందడానికీ ఒకే జన్యువు ఆధారం.

ఇది చూచి, అంతా ఒక్క జన్యువు చేతిలోనే వున్నదని చెప్పడం మరొక పొరపాటు. కాపలా తొలగించేది వేరు, విభజనకు నడిపించేది వేరు. పైగా తొలి నిర్ణయాలు సవరణకు లోనుకావడమూ కద్దు. సి.డి.కె.ఎ. 1 అనే జన్యువు పాడైన పుప్పొడి ఒక్క పురుషబీజాన్నే తెస్తుందనీ, అది అండంతోనే కలుస్తుందనీ 2006లో ప్రకటించారు. చాలా సందర్భాలలో రెండవ బీజం కూడా మధ్యకణంలో ప్రవేశిస్తున్నదనీ, అక్కడ కేంద్రకాలు సరిగా కలియడం లేదనీ 2010లో తేలింది. ఏమైనా అంకురచ్ఛదం కొంత పెరిగి ఆగిపోతుంది, గింజ దక్కదు. రెండవ బీజం విలువ ఎంతటిదో దీనివల్ల స్పష్టమవుతుంది.

పాఠ్యపుస్తకపు బొమ్మలోనూ ఒక లోపం వున్నది. ఒకే బొమ్మను అన్ని మొక్కలకూ అన్వయిస్తారు. వరిలో ఈ విభజన పుప్పొడి రాలకముందే పూర్తవుతుంది. కొబ్బరి చేరిన తాళజాతి చెట్లలో సాధారణంగా పుప్పొడి రెండు కణాలతోనే రాలుతుంది. కీలాగ్రం మీద మొలకెత్తిన తరువాత పరాగనాళంలో ఉత్పాదక కణం చీలుతుంది. కనుక అరబిడాప్సిస్‌లో తెలిసినదంతా కొబ్బరికి అచ్చంగా వర్తిస్తుందనడం తొందరపాటు. అయినా డ్యువో 1కు జ్ఞాతి జన్యువులు వరిలోనూ, పూలే లేని మార్కాంషియాలోనూ వుండడం వల్ల ఈ ఏర్పాటు చాలా పురాతనమైనదని భావించవచ్చు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లను నేలకూల్చింది. చెట్టు పోతే ఎంత నష్టమో అక్కడి పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు. తమ తోటలోని కాయకు తరగతిలోని పాఠానికి వున్న సంబంధం మాత్రం వారికి చెప్పవలసి వున్నది. అందుకు పెద్ద గ్రంథం అవసరం లేదు. ఆ ఒక్క వాక్యం పక్కన "ఆ కణమే ఎందుకు? ఒక్కసారే ఎందుకు?" అన్న రెండు ప్రశ్నలనూ, ఒక కొబ్బరి చెక్కనూ, ఒక జీడిపప్పునూ వుంచితే చాలు.