రాందేర్ గిన్నెలో రంగం

రంజాన్ నెల వచ్చిందంటే సూరత్‌లో రుచి తెలిసినవాళ్లు చీకటి పడ్డాక తపతి నది దాటి రాందేర్ బాట పడతారు. నగరంలోని పెద్ద హోటళ్లలో ఇఫ్తార్ బఫేలకు లోటు లేదు. అయినా రోజా విడిచి, నమాజు ముగించుకుని, కుటుంబాలతో సహా జనం ఈ పాత పేట సందుల్లోకే వస్తారు. ఉపవాసం లేనివాళ్లూ, ఇతర మతాలవాళ్లూ అంతే ఇష్టంగా వస్తారు. కబాబులుంటాయి, రంగూనీ పరాటా ఉంటుంది. నేను మాత్రం ఒక్క గిన్నె గురించే చెబుతాను. దాని పేరు ఖావ్‌సా.

గిన్నె అడుగున ఉడికించిన నూడుల్స్. వాటి మీద శనగపిండి, కొబ్బరిపాలు కలిపి కాచిన పసుపుపచ్చని కఢీ. ఆ మీద మసాలా బాగా పట్టిన కోడికూర గానీ మాంసం కూర గానీ. పైన వేయించిన వెల్లుల్లి, కారం నూనె, ఉల్లికాడలు, కొత్తిమీర, కరకరలాడే వేపుడు తునకలు, ఆఖరున నిమ్మరసం. చెప్పడానికి ఇంతే. చెయ్యడంలో మాత్రం దీన్ని చెడగొట్టే చోట్లు అరడజను ఉన్నాయి.

మొదటిది కఢీ. కొబ్బరిపాలను విడిగా పెద్ద మంట మీద మరిగిస్తే విరిగి నూనె పైకి తేలుతుంది. శనగపిండి అలా విరగకుండా అడ్డుకుంటుంది, చిక్కదనమూ ఇస్తుంది. మన మజ్జిగపులుసులో శనగపిండి చేసే పని కూడా ఇదే కాబట్టి తెలుగు వంటింటికి ఈ కిటుకు కొత్త కాదు. గుజరాతీ వంటింటికి అంతకన్నా కొత్త కాదు, అక్కడ పెరుగు కఢీ రోజువారీ వంట. పిండిని ముందు చల్లటి నీళ్లలో ఉండ కట్టకుండా కలపాలి. పచ్చివాసన పూర్తిగా పోయేదాకా, అడుగంటకుండా, సన్న సెగ మీద కలుపుతూనే ఉండాలి. పలుచటి పాలతో ఉడికించి, చిక్కటి మొదటి పాలు చివర్లో పోయడం మంచి పద్ధతి. సరిగ్గా కుదిరిన కఢీ గరిటెకు పలుచగా పట్టుకుంటుంది, నూడుల్స్ మధ్యకి జారిపోతుంది. కాస్త చిక్కనైతే గిన్నె మొత్తం ముద్ద అవుతుంది.

నూడుల్స్‌ను ఒక పలుకు ఉండగానే దించాలి. ఎందుకంటే వేడి కఢీలో అవి ఇంకా ఉడుకుతాయి. వెల్లుల్లిది మరీ నాజూకు వ్యవహారం. సన్నగా, సమానంగా తరిగిన రేకులను తక్కువ వేడి మీద వేయించి, లేత బంగారు రంగు రాగానే తీసెయ్యాలి. నూనెలోంచి తీశాక కూడా ఆ వేడికే అవి ఇంకో వన్నె ముదురుతాయి. అది లెక్కలో పెట్టుకోనివాడి వెల్లుల్లి చేదెక్కుతుంది, ఆ చేదు గిన్నెంతా పాకుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆఖరి అర నిమిషం. ఖావ్‌సాను ముందే కలిపి ఉంచలేరు. తినేవాడు ఎదురుగా నిలబడ్డాకే వంట పూర్తవుతుంది. నూడుల్స్, కఢీ, కూర, తర్వాత వరసగా పైవేపుళ్లు. కరకరలాడేవి తడవకముందే గిన్నె చేతికందాలి. పగలంతా నీళ్లు కూడా ముట్టని మనిషికి మెత్తదనం, కమ్మదనం, కారం, పులుపు, కరకర అన్నీ ఒకే చెంచాలో, ఇంకా విడివిడిగా తెలుస్తూ అందుతాయి. కమ్మటి కొబ్బరి నాలుకను కప్పేసే వేళకి నిమ్మరసం దాన్ని కడుగుతుంది. ఈ సమతూకం ఒక తరంలో వచ్చింది కాదు.

ఖావ్‌సా పుట్టిల్లు బర్మా. అక్కడి ఓన్ నో ఖౌక్‌స్వేలోనూ కొబ్బరిపాలు, శనగపిండి, కోడి, నూడుల్సే. రాందేర్‌కు ఆ తీరంతో బంధం చాలా పాతది. పదహారో శతాబ్ది తొలినాళ్లలో పోర్చుగీసు వాడైన దువార్తే బార్బోజా రాందేర్ ముస్లిం వర్తకులు బర్మాలోని పెగూ, మార్తబాన్‌లతోనూ, మలక్కాతోనూ వ్యాపారం చేస్తారని రాశాడు. వాళ్ల ఇళ్ల ముందుగదుల్లో చుట్టూ అరల నిండా పింగాణీ పాత్రలుంటాయని కూడా రాశాడు. 1530లో పోర్చుగీసువారు ఊరిని తగలబెట్టారు. వ్యాపారం మాత్రం మళ్లీ లేచింది. బ్రిటిష్ కాలంలో రంగూన్‌లో సూరతీ వర్తకులు ఎంత పాతుకుపోయారంటే, అక్కడ సూరతీ బజారు, సూరతీ సున్నీ జామా మసీదు వెలిశాయి. 1942లో జపాన్ దాడి, 1962 సైనిక పాలన తర్వాత వచ్చిన జాతీయీకరణ భారతీయులను పెద్దసంఖ్యలో వెళ్లగొట్టాయి. దుకాణాలు అక్కడే ఉండిపోయాయి. వంట తీరం దాటింది.

మనవాళ్లకు ఈ దారి బాగా తెలుసు. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లిన తెలుగు కూలీలు అక్కడి రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో పనిచేశారు. తిరిగొచ్చినవాళ్లతో విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు ఏర్పడింది. సూరత్‌లో మరమగ్గాల మీద బతికే తెలుగు కుటుంబాలకు ఈ గిన్నె దగ్గర పరాయితనం అనిపించనక్కర్లేదు.

ఇప్పుడు సూరత్‌లో ఖావ్‌సా రంజాన్‌కే పరిమితం కాలేదు. మాంసం తీసేసి కూరగాయలతో చేసిన శాకాహార ఖావ్‌సా నగరమంతా అమ్ముతారు. కఢీ బాగుంటే అదీ బాగుంటుంది, ఎందుకంటే ఈ వంటకం బరువంతా కఢీ మీదే ఉంది. ఇఫ్తార్ విందులో దీన్ని పెట్టాలనుకునే స్టార్ హోటళ్లకు నాదొక విన్నపం. మూత పాత్రలో కలిపేసి వరసలో పెట్టకండి. ఒక వంటమనిషిని నిలబెట్టండి, కఢీని సన్న సెగ మీద ఉంచండి, వెల్లుల్లిని ఆ సాయంత్రమే వేయించండి. వచ్చినవాళ్లు వరసలో నాలుగు నిమిషాలు ఆగినా నష్టం లేదు, రాందేర్‌లోనూ ఆగే తింటున్నారు.